పెద్ద పరిశ్రమలలో కార్మికుని క్షేమము: సింగరేణి గనులు నేర్పు పాఠము

మోత్కూర్ పరిసరములలోని తాటివనములకు తెల్లవారుజామున గీతపనివాడు బయలుదేరుట మనకందరకు పరిచితమైన దృశ్యమే. చెట్టెక్కుటకు ముందు అతడు మోకును చేతిలోనికి తీసికొని ముడిముడియు తడవి చూచును. ఎక్కడనైన నార తెగినట్లు తోచినచో ఆ మోకును నమ్మడు. రాత్రి వాన కురిసి మ్రాను జారుచున్నచో ఎండ వచ్చువరకు ఆగును. ఇంత జాగ్రత్తపడినను ప్రమాదములు జరుగుచునే యున్నవి. అయినను ఆ వృత్తిలో ఒక విశేషము కలదు. అపాయమును కనిపెట్టు కన్నును, పనిని ఆపు చేయియు ఒక్కనివే.

పెద్ద పరిశ్రమలో ఈ రెండును వేరగును. అపాయమును మొదట చూచువాడు క్రింది కార్మికుడు. పనిని ఆపుటకు అధికారము గలవాడు పైనున్న అధికారి. ఈ ఇద్దరి నడుమ సర్దారులు, ఓవర్‌మన్లు, మేనేజర్లు, ఉత్పత్తి లక్ష్యములు, కాగితములు నిలిచియుండును. క్రిందివాని మాట పైవరకు చేరి పని ఆగుటకు పట్టు వ్యవధిలోనే ప్రాణములు పోవుచున్నవి. పరిశ్రమలలో భద్రతను పెంపొందించుట యనగా ముఖ్యముగా ఈ దూరమును తగ్గించుటయే యని మేము భావించుచున్నాము. దీనిని మన తెలంగాణములోని మిక్కిలి పెద్ద పరిశ్రమయగు సింగరేణి బొగ్గుగనుల ఆధారముగా పరిశీలింతము.

సింగరేణి పూర్వచరిత్ర

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములను కనుగొనెను. 1886లో ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు (దక్కన్) కంపెనీ అచట గనులు త్రవ్వు హక్కును పొందినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడినది. 1945లో నిజాం ప్రభుత్వము దానిలో అధిక వాటాలను కొనెను. ప్రస్తుతము నూటికి 51 వాటాలు తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వమునకును, 49 వాటాలు కేంద్ర ప్రభుత్వమునకును కలవు. కొత్తగూడెము ముఖ్య కార్యాలయముగా గోదావరీ లోయ పొడవునను దీని గనులు వ్యాపించియున్నవి. ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులు ఇందు పనిచేసిరి. అనేక పల్లెలనుండి రైతుబిడ్డలు నౌకరి కొరకు బొగ్గుబాయికి పోయి, తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నెత్తిన చరిత్ర ఇది.

అపాయములు, వాని గురుతులు

భూగర్భ గనిలో ప్రధానముగా నాలుగు అపాయములు కలవు: పైకప్పు, వాయువు, నీరు, ధూళి. వీనిలో మొదటి మూడును తరచుగా ముందే ఏదో ఒక గురుతును చూపును.

బొగ్గు తీసిన కొలదియు పైనున్న రాతి పొరలకు ఆధారము పోవును. అనుభవజ్ఞుడైన కార్మికుడు ఇనుప గడతో పైకప్పును తట్టి చూచును. గట్టి రాయి ఖంగున మ్రోగును. పొరనుండి విడివడిన రాయి బోలుగా, డోలు కొట్టినట్లు పలుకును. కర్ర దిమ్మెలు బరువెక్కిన కొలదియు కిర్రుమని చప్పుడు చేయును.

బొగ్గు పొరలనుండి మీథేన్ అను వాయువు వెలువడును. ఇది గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు ఉన్నచో నిప్పు తగులగానే ప్రేలును. ఇంత ప్రమాదకరము గనుకనే, 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో 1.25 పాళ్లు దాటినంతనే మనుష్యులను వెనుకకు తరలింపవలెనని విధించిరి. ప్రేలుడు హద్దునకు నాలుగవ వంతు వద్దనే పని ఆగవలెనను నియమమిది. ప్రమాదము కంటికి కనబడువరకు వేచియుండరాదను సూత్రము ఇందు ఇమిడియున్నది.

పాతకాలపు గనులను విడిచిన తరువాత వానిలో నీరు నిండును. క్రొత్త పని అట్టి చోటికి చేరువగుట మిక్కిలి అపాయకరము. నీరు లేదని నిర్ధారణ కాని పాత పనికి 60 మీటర్ల దూరములోనికి వచ్చిన తరువాత, గనుల తనిఖీ ప్రధానాధికారి వ్రాతపూర్వక అనుమతి లేక ముందుకు సాగరాదని అవే నిబంధనలు శాసించినవి. కాని ఆ దూరమును కొలుచుట పాత పటముల మీద ఆధారపడియుండును. పటము తప్పినచో నియమము రక్షింపజాలదు. అప్పుడు గోడ చెమ్మగిల్లుటను కనిపెట్టిన కార్మికుని చూపే మిగిలిన రక్ష.

2003వ సంవత్సరము సింగరేణికి దుర్దినములను తెచ్చినది. జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. నాలుగు నెలలు గడువగానే, అక్టోబరు 16న గోదావరిఖని 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఒకరు భద్రతాధికారి, మరొకరు ఒప్పంద కార్మికుడు. కూలెడి రాయికి హోదా తెలియదు.

వినబడని హెచ్చరికలు

హెచ్చరిక చేయువారు లేక జరిగిన ప్రమాదములు కొన్ని. హెచ్చరికను విననందున జరిగినవి మరికొన్ని. రెండవ రకమునకు ఫ్రాన్సులోని కూరియేర్ గని నిదర్శనము. ఆ దేశములో 1890లోనే చట్టము ద్వారా గని కార్మికులకు భద్రతా ప్రతినిధులు ఏర్పడిరి. 1906 మార్చి నెలలో కూరియేర్ గనిలో ఒకచోట నిప్పు రగులుచుండగా, అది ఆరువరకు ఎవరిని క్రిందికి పంపవలదని కార్మిక ప్రతినిధి కోరెను. ఆ మాట చెల్లలేదు. మార్చి 10న బొగ్గుధూళి ప్రేలి 1,099 మంది మరణించిరి. ప్రతినిధికి చూచు హక్కును, వ్రాయు హక్కును ఇచ్చిరి. పనిని ఆపించు శక్తిని మాత్రము ఇయ్యలేదు.

మన దేశములో 1984 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి భోపాల్ నగరమున విషవాయువు వెలువడి వేలాది మంది మరణించిరి. దానికి రెండేండ్లకు ముందే, 1982లో, రాజ్‌కుమార్ కేస్వాని అను పాత్రికేయుడు ఆ కర్మాగారము వలన నగరమునకు ముప్పు కలదని తన పత్రికలో వ్రాసెను. వినినవారు లేరైరి. అచటి యంత్రములను నడుపు సూచనలు ఆంగ్లమునందే యుండెడివనియు, పనివారిలో అనేకులకు ఆ భాష రాదనియు తరువాత పరిశీలించినవారు తెలిపిరి. చదువజాలని హెచ్చరిక లేని హెచ్చరికతో సమానమే గదా!

చట్టములు చూపిన మార్గము

ఈ అనుభవముల వలన చట్టములు క్రమముగా కార్మికుని నోటికి విలువ నిచ్చుచు వచ్చినవి. 1952లో గనుల చట్టము వచ్చినది. 1955 నాటి గనుల నియమములకు 1985లో చేసిన సవరణ ప్రకారము, 500 లేక అంతకు మించిన కార్మికులున్న గనిలో కార్మికుల తరఫున ముగ్గురు తనిఖీదారులు ఉండవలెను. ఒకరు గని పనిని, ఒకరు విద్యుత్తును, ఒకరు యంత్రములను పరీక్షింతురు. గని భద్రతా కమిటీలును ఆ సవరణతోనే నియమబద్ధమైనవి.

భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించిరి. అపాయకరమైన పనులు జరుగు కర్మాగారములలో కార్మికులును యాజమాన్యమును సమాన సంఖ్యలో కూర్చుండు భద్రతా కమిటీ ఏర్పడవలెనని అందు విధించిరి. ఆసన్నమైన ముప్పును గూర్చి యాజమాన్యమునకును, తనిఖీ అధికారికిని ఏకకాలమున తెలుపు హక్కు కార్మికునకు కలిగినది. 2020లో పార్లమెంటు 13 చట్టములను ఒకచోట చేర్చి చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతియందును ఈ హక్కునకు స్థానము కలదు.

కాని హక్కు వేరు, దానిని వాడుకొను ధైర్యము వేరు. ఒప్పందము మీద దినకూలికి వచ్చినవాడు 'పైకప్పు బాగుండలేదు' అని చెప్పుటకు ముందు, రేపటి హాజరు దొరకునో లేదో యని ఆలోచించును. ఆ ఆలోచనను తొలగింపని భద్రతా వారోత్సవములు గోడపత్రములతో ముగిసిపోవును.

మెల్లగా చంపు అపాయము

కూలెడి కప్పును అందరును చూతురు. పీల్చు ధూళిని ఎవరును చూడరు. సన్నని బొగ్గుధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొని వానిని గట్టిపరచును. రాతిధూళి వలన సిలికోసిస్ అను వ్యాధి కలుగును. ఒకసారి చెడిన ఊపిరితిత్తిని తిరిగి బాగుచేయు మందు లేదు. యంత్రముల రొదచే వినికిడి తగ్గును. వినికిడి తగ్గినవాడు పైకప్పు పలుకును గుర్తింపజాలడు. ఈ విధముగా అనారోగ్యమే ప్రమాదమునకు కారణమగును. ఇందుకే అయిదేండ్లకు మించని వ్యవధిలో కార్మికులకు వైద్యపరీక్ష జరుగవలెనని 1955 నాటి నియమములు విధించినవి. పరీక్ష ఫలితమును కార్మికునకు అర్థమగు మాటలలో తెలిపి, అవసరమైనచో జీతనష్టము లేకుండ ధూళి తక్కువగానుండు పనికి మార్చినప్పుడే అది సార్థకమగును.

చేయవలసిన పనులు

యంత్రములు కొంత మేలు చేసినవి. ప్రేలుడు జరిపిన వెంటనే, ఆధారము సరిగా లేని కప్పు క్రింద తట్టతో బొగ్గెత్తు పని స్థానమున ఎత్తుడు యంత్రములు వచ్చిన కొలదియు అపాయపు చోటున నిలుచువారి సంఖ్య తగ్గినది. యంత్రము మనిషిని అపాయమునకు దూరము చేయగలదు. మనిషి మాటను మాత్రము అది పైకి చేర్చదు. అందుకు మేము నాలుగు పనులను ముఖ్యముగా తలంచుచున్నాము.

మొదటిది, కార్మికుడు చెప్పిన ప్రతి అపాయమును ఒక పుస్తకములో వ్రాసి, చెప్పినవానికి ఆ షిఫ్టు ముగియులోగా జవాబియ్యవలెను. రెండవది, అనుమానము తీరువరకు ఆ చోట పని ఆగవలెను. ఆగిన కాలమునకు కూలి తెగరాదు. మూడవది, హెచ్చరిక తప్పని తేలినను చెప్పినవానిని దండింపరాదు. పదిమార్లు వృథాగా ఆగిన పనికి విలువ కట్టవచ్చును. ఒకసారి ఆగక పోయిన ప్రాణమునకు కట్టలేము. నాలుగవది, నియమములన్నియు కార్మికుని భాషలో ఉండవలెను.

ఈ నాలుగవ పనిలో మనకు పాత్ర కలదు. నోటీసులు ఆంగ్లముతోపాటు అధిక సంఖ్యాకులగు కార్మికులకు అర్థమగు భాషలోను ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పినది. అధిక సంఖ్యాకుల భాష సరే, పక్కనున్న తక్కినవారి మాట యేమి? మన కళాశాల విద్యార్థులు తెలుగు, ఉర్దూ అను రెండు భాషలలో ఆలోచింపగలవారు. ఒక షెడ్డులో ఒకడు 'జాగ్రత్త' అనగా, మరియొకడు 'హోషియార్' అనగా, ఆ రెండు కేకలను వెంటనే గ్రహించి మూడవవానికి అందింపగలవారు. అపాయపు క్షణమున ఇది స్వల్ప విషయము కాదు.

మనలో పలువురు రేపు హైదరాబాదు చుట్టునున్న రసాయన కర్మాగారములకో, సిమెంటు మిల్లులకో, గల్ఫు దేశములకో ఉద్యోగార్థము పోవుదురు. కొందరు కార్మికులుగాను, కొందరు సూపర్‌వైజర్లుగాను పనిచేయుదురు. కార్మికులైనవారు చూచిన అపాయమును చెప్పుటకు వెనుదీయరాదు. పైపదవిలో నున్నవారు, క్రిందినుండి వచ్చిన మాటను వాని హోదాను బట్టి గాక దాని నిజమును బట్టి వినవలెను. కళాశాల కమిటీవారు ప్రతి సంవత్సరము మార్చి 4న, జాతీయ భద్రతా దినమున, పరిశ్రమలలో పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషిని పిలిపించి విద్యార్థులతో మాటలాడింపవలెనని మా మనవి. దానికి వ్యయము స్వల్పము.

గీతపనివాడు మోకు తడవి చూచునట్లు, పెద్ద పరిశ్రమయు ప్రతి ఉదయము తన మోకును తడవి చూచుకొనవలెను. ఆ మోకు క్రింది కార్మికుని మాట. అది తెగినచోట ఎంతటి ఉక్కు టోపీయు తలను కాపాడజాలదు.