టెనోచ్‌టిట్లాన్ పతనం: తుపాకులతోనే గెలిచారా?
1519లో స్పెయిన్ సేనాని హెర్నాన్ కోర్టెస్ సుమారు 500 మంది సైనికులతో, 16 గుర్రాలతో మెక్సికో తీరంలో దిగాడు. 1521 ఆగస్టు 13న అజ్టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్ అతని వశమైంది. గుప్పెడు మంది మహాసామ్రాజ్యాన్ని కూల్చేశారని బట్టీ పడుతుంటాం. ఆ వాక్యంలో అసలు కారణమే కనిపించదు. అజ్టెక్‌ల బద్ధశత్రువులైన త్లాష్కలా ప్రజలు వేలాదిగా కోర్టెస్ పక్షాన నిలిచారు. సరస్సు మధ్యనున్న ఆ నగరాన్ని ముట్టడించడానికి 13 పడవలు కావాల్సి వస్తే, వాటి కలపను కొండదారుల వెంట భుజాల మీద మోసుకొచ్చింది వాళ్లే.

మరి తుపాకులు, ఉక్కు కత్తులు, గుర్రాల మాటేమిటని అడగవచ్చు. వాటి బలం కాదనలేనిదే, ముఖ్యంగా మైదాన యుద్ధంలో. కానీ 1520 జూన్ 30 రాత్రి అవన్నీ చేతిలో ఉండగానే కోర్టెస్‌ను అజ్టెక్‌లు నగరం నుంచి తరిమికొట్టారు. సరస్సు మీది దారుల్లో వందలాది స్పెయిన్ సైనికులు చనిపోయారు. ఆ తర్వాత అతనికి కొత్త సైనికులు, పడవలు అందిన మాట నిజమే. కానీ అజ్టెక్‌లకు అంతకన్నా పెద్ద దెబ్బ మశూచి. అజ్టెక్ చక్రవర్తి మొక్తెజుమా తర్వాత గద్దెనెక్కిన క్విట్లావాక్ కొద్ది నెలల్లోనే దానికి బలయ్యాడు. మంచినీళ్లు, తిండి ఆగిపోయిన నగరంలో చివరి పాలకుడు క్వావుటెమోక్ పోరాడి పట్టుబడ్డాడు. త్లాష్కలాకు స్పెయిన్ రాజు ప్రత్యేక హక్కులు, సొంత రాజచిహ్నం ఇచ్చాడంటే, ఆ రుణం ఎంతటిదో స్పెయిన్‌కే తెలుసు.