వీధి చెట్టు ఎవరి బాధ్యత?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే దారిలో ఉన్న మన శిరివెళ్లలో వేసవి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. జొహర్ నమాజుకు నడిచి వెళ్లే పెద్దలు, బస్సు కోసం పిల్లలతో నిలబడిన తల్లులు, తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునేవారు - అందరూ వెతికేది కాస్త నీడనే. అయినా “మీ గుమ్మం ముందు ఒక మొక్క నాటుదామా?” అని అడిగితే, “మాకెందుకు లెండి, ఆకులు ఎవరు ఊడుస్తారు?” అనే జవాబు వినిపిస్తూ ఉంటుంది. నీడ అందరికీ కావాలి, చెట్టు మాత్రం పక్కింటి ముందు ఉండాలి! ఈ వైఖరిని ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

మొక్క నాటడం సదఖా

ఒక ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తింటే అది అతని ఖాతాలో దానంగా నమోదవుతుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ అబూ దర్దా (రజి) దమాస్కస్‌లో మొక్క నాటుతుండగా ఒక వ్యక్తి చూసి, ప్రవక్త సహచరులై ఉండి మీరు ఈ పని చేస్తున్నారా అని ఆశ్చర్యపోయాడు. దానికి ఆయన ఇదే బోధనను గుర్తు చేశారు. అంటే మొక్క నాటడం పెద్దవారి హోదాకు తగని పని కాదు.

వీధి చెట్టు పండ్లు ఇవ్వకపోవచ్చు. కాని నీడకూ ఇస్లాంలో విలువ ఉంది. ప్రజలు నడిచే దారిలో, వారు సేదతీరే నీడలో మలవిసర్జన చేయడాన్ని ప్రవక్త (సఅసం) తీవ్రంగా వారించారు. దారి ఎలా నలుగురి హక్కో, నీడా అలాగే నలుగురి హక్కు.

నాటిన తర్వాత?

మన రాష్ట్రంలో 2016లో వనం-మనం, 2020లో జగనన్న పచ్చతోరణం పేర్లతో మొక్కలు నాటారు. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. అక్కడ 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంలో, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలన్న నిబంధన పెట్టారు. ఎందుకు పెట్టవలసి వచ్చింది? నాటే రోజు ఉన్న ఉత్సాహం నీళ్లు పోసే రోజు ఉండదు గనుక!

ముస్నద్ అహ్మద్‌లోని ఒక ఉల్లేఖనం ఈ విషయాన్నే పట్టి చూపుతుంది. చెట్టు నాటి, ఓపికతో దాన్ని కాపాడి, కాపుకు వచ్చేవరకు సంరక్షించినవారికి దాని ఫలం దానంగా లభిస్తుందని అందులో ఉంది. గమనించండి, నాటడంతో పాటు సహనాన్ని (సబ్ర్‌ను), సంరక్షణను కూడా చేర్చి చెప్పడం జరిగింది. కొద్దిపాటిదైనా క్రమం తప్పకుండా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. మొదటి రెండు మూడు వేసవుల్లో మొక్కకు పోసే బిందెడు నీళ్లు ఆ కోవకు చెందినవే.

అభ్యంతరాలను కొట్టిపారేయకండి

అయితే వద్దనే ప్రతివారూ స్వార్థపరులని అనుకోవడం న్యాయం కాదు. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో 2011 నుంచి 2014 వరకు ఒక స్వచ్ఛంద సంస్థ ఇళ్ల ముందు ఉచితంగా చెట్లు నాటిస్తామంటే, దాదాపు నాలుగో వంతు మంది వద్దన్నారు. వారికి చెట్లంటే ద్వేషం లేదు. తమను సంప్రదించకుండానే అన్నీ నిర్ణయించారని, రేపు పోషణ భారమంతా తమ మీదే పడుతుందని వారి బాధ. 2019లో వెలువడిన ఒక పరిశోధన ఈ సంగతి బయటపెట్టింది.

మన వీధుల్లోనూ అంతే. రాలిన ఆకులు ఊడ్చే పని సాధారణంగా ఇంటి ఆడవారి మీదే పడుతుంది. వేళ్లు గోడను పగులగొడతాయని, కొమ్మలు కరెంటు తీగలకు తగులుతాయని భయం. ఇతరులకు నష్టం కలిగించరాదన్నది షరీఅత్‌లో మూలసూత్రం. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో (షూరా) సాగుతాయని దివ్య ఖుర్ఆన్ ప్రశంసించింది. కాబట్టి ముందు అడగాలి, తర్వాతే గుంత తవ్వాలి.

మనం చేయగలిగినవి

1. మహల్లాలో కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరు ఊడుస్తారు అన్నది ముందే పంచుకోవాలి. మగపిల్లలకూ ఇందులో వంతు ఇవ్వాలి.

2. చోటును బట్టి మొక్కను ఎంచుకోవాలి. విశాలమైన చోట వేప, కానుగ. తీగల కింద కరివేపాకు, దానిమ్మ వంటి చిన్నవి. రావి, మర్రి గోడలకు దూరంగానే ఉండాలి.

3. మసీదులో వుజూ చేసిన నీళ్లు కాలువ పాలు కాకుండా మొక్కలకు మళ్లించవచ్చు.

4. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఊడ్చిన ఆకులను కాల్చకుండా పాదులో పరిస్తే తడి నిలుస్తుంది. మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్లకంప కట్టాలి.

5. దారికి అడ్డొచ్చే కొమ్మను తీసేయడమూ పుణ్యమే. దారిలోని ముళ్లకొమ్మను తొలగించిన ఒక వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని హదీసులో ఉంది. కాని కొమ్మ అడ్డొచ్చిందని చెట్టునే నరకరాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టే ముందు అధికారుల అనుమతి తీసుకోవాలి.

ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటేయమని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఫలితం చూడలేమని తెలిసినా పని మానవద్దన్నమాట. మరి మన మొక్క నీడను మనం కాకపోయినా మన మనవలు చూస్తారు కదా! మనం పేరు కూడా ఎరుగని బాటసారి ఒకరు ఆ నీడలో నిలబడి ఊపిరి పీల్చుకుంటే, ఆ లెక్క అల్లాహ్ దగ్గర భద్రంగా ఉంటుంది.

నాటే చేతులతో పాటు నీళ్లు పోసే ఓపికను కూడా అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.