నల్లరేగడి నుండి సముద్రపు అంచు వరకు

భూగోళ పాఠములలో ఖండములు ఒక అధ్యాయమునను, సముద్రములు వేరొక అధ్యాయమునను ఉండును. పిల్లలు రెంటిని విడివిడిగా కంఠస్థము చేయుదురు. నాందేడు ఘట్టములపై నిలిచి గోదావరిని చూచువారికి ఈ విభజన నిలువదు. తీరము నుండి సుమారు 200 మీటర్ల లోతు వరకు మెల్లగా వాలుచు పోవు సముద్రభూమిని ఖండతీరపు అంచు అందురు. మన చేనికిని ఆ అంచునకును గల సంబంధమును ఇంచుక విచారింతము.

మన నల్లరేగడి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము పొంగిన లావారాతి చూర్ణము. ఈ రాతిపొరల తూర్పు అంచు మన జిల్లాలోనే కలదు. దెగ్లూరు, బిలోలి వైపు పోవువారు నల్లనేల తరిగి గ్రానైటు గుండ్లు కనబడుట గమనించియే యుందురు. (తెలుగు పలుకు హెచ్చుగా వినబడుటయు ఆ వైపుననే!) ఉత్తర అమెరికాలో కొలంబియా నది పారు పీఠభూమియు ఇట్టి లావారాయియే, అయితే దాని వయస్సు సుమారు 1 కోటి 60 లక్షల సంవత్సరములే. గోదావరి 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతమున కలియును. కెనడాలో పుట్టిన కొలంబియా దాదాపు 2,000 కిలోమీటర్లు పారి పసిఫిక్ మహాసముద్రమును చేరును. రాయి ఒక్కటే యైనను నీటి నడక వేరు. అది మంచు కరగిన కాలమున పొంగును. ఇది వానకాలపు కొన్ని మాసములలోనే తన నీటిలో అధికభాగమును మోయును.

సముద్రమును చేరిన పిమ్మట భేదము మరింత స్పష్టమగును. కొలంబియా తీరమున వేసవి గాలులు పైనీటిని త్రోసివేయగా, పోషకములతో కూడిన చల్లని లోతునీరు పైకి లేచును. బంగాళాఖాతమున నదుల తియ్యనీరు తేలికయగుటచే ఉప్పునీటిపై మూతవలె పరచుకొని ఆ కలయికను అడ్డును. కావున మన తూర్పుతీరపు జీవకోటికి నది తెచ్చు ఒండ్రును, కోరంగి మడ అడవులలో రాలిన ఆకును ఎంతో ముఖ్యమైన ఆహారాధారములు. 1978లో అభయారణ్యమైన ఆ అడవుల వేళ్ల నడుమనే రొయ్యపిల్లలు పెరుగును.

సముద్రము కూడ నదిని వెదకికొని వచ్చును. కడలిలో విలస యనబడు చేప, వరదకాలమున గోదావరికి ఎదురీది గ్రుడ్లు పెట్టవచ్చి పులస యగును. కొలంబియాలో సాల్మన్ చేపయు అట్లే వచ్చును. పసిఫిక్ సాల్మన్ గ్రుడ్లుపెట్టి మరణించి, తన దేహముతో ఏటి ఒడ్డు వృక్షములకు ఎరువగును. పులస తిరిగి సముద్రమునకు పోవును. 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది, పులస దారిని మాత్రము అడ్డగించినది. 1942లో పూర్తియైన గ్రాండ్ కూలీ ఆనకట్టకు చేపల నిచ్చెన లేనందున ఎగువ నదికి సాల్మన్ రాక నిలిచిపోయెను.

ఇక మట్టి మాట. మనకు దిగువనున్న శ్రీరామసాగరము మొదట 112 టి.ఎం.సి.ల జలాశయము, పూడిక చేత సామర్థ్యము 90కి దిగెను. ఆ పూడికలో మరాఠ్వాడా చేల మట్టి కలదు. పూర్వము చేను కోల్పోయినదానిని తీరమైనను పొందెడిది. ఇప్పుడు అందులో చాలభాగము ఎవరికిని దక్కుట లేదు. గోదావరి డెల్టా తీరము కోతపడుటకు ఇదియు ఒక కారణమని శాస్త్రజ్ఞులు తెలిపిరి. చేనికి గట్టు వేసికొనుట మన లాభమునకే యైనను, దాని వలన దిగువ జలాశయమునకును భారము తగ్గును.

ధర్మాబాదు చెంతనున్న బాబ్లీ గేట్లను 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచియుంచుదురు. పులస గోదావరికి వచ్చునదియు ఆ దినములలోనే.