పాఠం 17: పూర్వ విద్యార్థుల సంఘం – పాలన, లెక్కలు, బడికి సాయం

17.0 ఉపోద్ఘాతం

కిందటి పాఠంలో సహకార సంఘం గురించి తెలుసుకున్నారు. అందులో సభ్యులు తమ అవసరం కోసం చేరతారు. ఈ పాఠంలో చెప్పుకోబోయే సంఘం వేరు. ఇందులో చేరినవారికి చేతికి వచ్చేది ఏమీ ఉండదు. తాము ఎప్పుడో చదివిన బడికో, కళాశాలకో సాయపడాలని చేరతారు. సొంత లాభం లేనిచోట లెక్క అడిగేవారు కూడా తక్కువగానే ఉంటారు. పూర్వ విద్యార్థుల సంఘాలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే.

ఈ పాఠం చదివాక మీరు సంఘం నియమావళిలో ముఖ్యంగా ఏమి ఉండాలో చెప్పగలుగుతారు. కోరం లెక్క కట్టగలుగుతారు. ఒక తీర్మానాన్ని చదివి అందులో లోపం ఉంటే గుర్తించగలుగుతారు. బడికి ఇచ్చే సాయం వృథా కాకుండా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో వివరించగలుగుతారు.

17.1 రైల్వే ఊరు – బిలాస్‌పూర్

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ కంపెనీ వేసిన దారి మీదనే బిలాస్‌పూర్ పెద్ద జంక్షనుగా పెరిగింది. 1955లో ఇది ఆగ్నేయ రైల్వేలో భాగమైంది. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి ప్రధాన కేంద్రం అయింది. రాయపూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరే లైను ఉంది గదా. ఆ దారి వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారు ఎందరో రైల్వే ఉద్యోగాలకు వచ్చి బిలాస్‌పూర్‌లో కుదురుకున్నారు. వారి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ చదువుకున్నారు.

రైల్వే కాలనీ జీవితం ఎలా ఉంటుందో మీలో కొందరికి బాగా తెలుసు. పదేళ్ళు పక్క క్వార్టరులో ఉన్నవారు బదిలీ ఆర్డరు రాగానే సామాను కట్టేస్తారు. రిటైరయితే క్వార్టరు ఖాళీ చేయాలి. కొందరు ఊళ్ళోనే ఇల్లు కట్టుకుంటారు, కొందరు విశాఖ వైపు వెళ్ళిపోతారు. ఇలాంటి ఊళ్ళో ఒక బడిలో చదివిన తెలుగువారు, హిందీవారు, బెంగాలీలు, ఒడియావారు కలిసి సంఘం పెట్టారని అనుకుందాం. ఈ సంఘం మన ఊహలోనిదే. దానికి ఎదురయ్యే చిక్కులు మాత్రం ఊహించినవి కావు.

17.2 ఎవరు సభ్యులు?

నియమావళిలో మొదట తేల్చుకోవలసిన మాట ఇది. పట్టభద్రుల సంఘాలలో డిగ్రీ పొందినవారే సభ్యులు. బడి సంఘానికి ఆ పద్ధతి నప్పదు. ఎనిమిదో తరగతిలో మానేసి లోకో షెడ్డులో ఖలాసీగా చేరినవాడు ఆ బడి విద్యార్థి కాడా? పెళ్ళి చేసి పంపినందువల్ల తొమ్మిదో తరగతి పూర్తిచేయలేకపోయిన అమ్మాయి కాదా? "పరీక్ష పాసైనవారు" అని రాస్తే వీరిద్దరూ బయటే ఉండిపోతారు. "ఈ బడిలో కనీసం ఒక విద్యాసంవత్సరం చదివినవారు" అని రాస్తే లోపలికి వస్తారు. సార్వత్రిక విద్యలో మళ్ళీ చదువు మొదలుపెట్టిన మీకు ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. బడి మానేసే పిల్లల కష్టం ఏమిటో సంఘంలో అందరికంటే బాగా చెప్పగలిగేవారు కూడా వీరే.

చందా సంగతి తేలికే. ప్రవేశ రుసుము, వార్షిక చందా, జీవిత సభ్యత్వం అని మూడు రకాలు ఉంటాయి. గ్రూప్ డి ఉద్యోగి కూడా కట్టగలిగినంత పెట్టాలి. ఎక్కువ ఇచ్చినవారికి ఎక్కువ ఓట్లు ఉండకూడదు. 500 రూపాయలు ఇచ్చినవారికీ ఒకటే ఓటు, 50,000 ఇచ్చినవారికీ ఒకటే ఓటు.

17.3 నమోదు, సమావేశం, కోరం

1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి సంఘాన్ని నమోదు చేయించవచ్చు. తరువాత చాలా రాష్ట్రాలు తమ సొంత చట్టాలు చేసుకున్నాయి. మధ్యప్రదేశ్‌లో 1973లో వచ్చిన చట్టమే 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక అక్కడ కూడా కొనసాగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నది 2001 నాటి చట్టం. బిలాస్‌పూర్‌లో సంఘాలు నడిపేవారి నోట "ధారా 27, ధారా 28" అనే మాటలు వినిపిస్తాయి. ధారా అంటే సెక్షను. మొదటిది ఏటా కార్యవర్గం పేర్ల జాబితా పంపడానికి సంబంధించినది. రెండోది ఆడిట్ చేయించిన లెక్కలు పంపడానికి సంబంధించినది. ఈ రెండు కాగితాలూ వెళ్ళకపోతే, గోడకు వేలాడే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఎంత అందంగా ఉన్నా సంఘం చిక్కులో పడినట్టే.

సంఘంలో పెద్ద అధికారం సర్వసభ్య సమావేశానిది. కార్యవర్గం దాని పనిని చేసిపెట్టేది మాత్రమే. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సంఘానికి యజమానులు కారు. అందుకని వారి పదవీకాలం రెండు లేదా మూడేళ్ళని, ఒకే వ్యక్తి వరుసగా రెండుసార్లకు మించి అదే పదవిలో ఉండరాదని నియమం పెట్టుకోవడం మంచిది. "ఆయన తప్ప చేసేవారు లేరు" అనే మాట ప్రతి సంఘంలోనూ వింటాం. ఆయన ఇంకొకరికి నేర్పలేదన్నదే ఆ మాటకు అర్థం.

ఇక కోరం. సమావేశం చెల్లాలంటే కనీసం ఎంతమంది హాజరు కావాలో చెప్పే సంఖ్యే కోరం. మన సంఘంలో 96 మంది సభ్యులు. నియమావళి ప్రకారం కోరం మూడో వంతు, అంటే 32 మంది. సమావేశానికి వచ్చినవారు 19 మంది. కార్యదర్శికీ, రిటైరైన గార్డు ఒకాయనకీ జరిగిన ఈ సంభాషణ చదవండి.

"బాబాయ్, పందొమ్మిది మందే వచ్చారు. రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించేద్దామా?"

"వద్దు నాయనా. రానివాళ్ళు వచ్చినట్టు రాస్తే అది మినిట్స్ పుస్తకం కాదు, కథల పుస్తకం. నియమావళిలో ఏముందో చూడు."

"అరగంట ఆగి, అదే ఎజెండాతో మళ్ళీ మొదలుపెట్టవచ్చని ఉంది. అప్పుడు కోరం అక్కర్లేదట."

"అయితే అలాగే కానీ. లెక్కలు ఆమోదిద్దాం. నియమావళి మార్పు మాత్రం ఈపూట ముట్టుకోవద్దు. అది పందొమ్మిది మందితో తేలేది కాదు."

పెద్దాయన చెప్పింది సరైనది. వాయిదా పడిన సమావేశంలో రోజువారీ పనులు జరగవచ్చు గాని, సంఘం మూలాన్ని మార్చే పనులు జరగకూడదు. 1860 చట్టంలోనే దీనికి పోలిక ఉంది. సంఘం ఆశయాలను మార్చాలంటే ఐదింట మూడు వంతుల ఓట్లు కావాలి. నెల రోజుల తరువాత రెండో సమావేశంలో దానిని మళ్ళీ ఖాయం చేయాలి. తొందరపాటుకు అడ్డుకట్ట వేయడమే దీని ఉద్దేశం.

సభ్యులు చెదిరిపోయే ఊళ్ళో మూడో వంతు కోరం అసలు ఎక్కువే. ఐదో వంతు పెట్టుకుని, నోటీసు మాత్రం 21 రోజుల ముందే అందరికీ అందేలా చూడడం మేలు. ఎన్నికలకు పోస్టు ద్వారా ఓటు వేసే వీలు కల్పించవచ్చు. ఒక్కొక్క బ్యాచికి ఒక ప్రతినిధి ఉంటే విశాఖలో ఉన్నవారి మాట కూడా బిలాస్‌పూర్ చేరుతుంది.

17.4 డబ్బు

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

సంఘం డబ్బు సంఘం పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే ఉండాలి. ఎంత నమ్మకస్తుడైనా ఒక వ్యక్తి సొంత ఖాతాలో ఉండకూడదు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయికీ వరుస నంబరున్న రశీదు, ఇచ్చిన ప్రతి రూపాయికీ ఓచరు ఉండాలి. ఇవి అందరికీ తెలిసిన నియమాలే. రైల్వే ఊళ్ళో అసలు ప్రమాదం మరోచోట ఉంది. కోశాధికారికి హఠాత్తుగా బదిలీ అవుతుంది. పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఆయనతోపాటు వెళ్ళిపోతాయి. దొంగతనం జరగదు గాని, ఆరు నెలల తరువాత లెక్క చెప్పగలిగేవారు ఎవరూ మిగలరు. అందువల్ల అప్పగింత తీర్మానం ఎలా రాస్తారో చూడండి.

"తీర్మానం 4: కోశాధికారి బదిలీపై నాగపూర్ వెళుతున్నందున బ్యాంకు ఖాతాపై వారి సంతకం రద్దుచేసి, కొత్త కోశాధికారి సంతకం చేర్చడానికి సమావేశం అంగీకరించింది. వాడిన రశీదు పుస్తకాలు 2, వాడనిది 1, క్యాషు పుస్తకం, పాసు పుస్తకం, చేతి నగదు రూ. 740 సమావేశం ఎదుట అప్పగించడమైనది. పాసు పుస్తకం నిల్వ, క్యాషు పుస్తకం నిల్వ సరిపోయినవి."

దీని కింద ప్రతిపాదించినవారు, బలపరచినవారు, అప్పగించినవారు, తీసుకున్నవారు సంతకాలు చేస్తారు. వాడని రశీదు పుస్తకాన్ని కూడా లెక్కపెట్టారు, గమనించారా? ఖాళీ రశీదు నోటుతో సమానం. అది ఎవరి చేతిలో ఉంటే వారు సంఘం పేరున డబ్బు వసూలు చేయగలరు.

ఇప్పుడు శాశ్వత నిధి గురించి. వందమంది తలా 1,000 రూపాయలు వేస్తే లక్ష అవుతుంది. ఆ లక్షను వార్షికోత్సవానికి షామియానా, భోజనాలు, శాలువాలు అని ఖర్చుపెడితే ఒక్క రోజులో అయిపోతుంది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, నూటికి 6 రూపాయల వడ్డీ అనుకుంటే ఏటా 6,000 వస్తుంది. అందులో 1,000 మళ్ళీ అసలులో కలపాలి. లేకపోతే ధరలు పెరిగేకొద్దీ నిధి విలువ కరిగిపోతుంది. మిగిలిన 5,000 ఏటా ఖర్చుపెట్టవచ్చు. మొత్తం చిన్నదే. అయినా పరీక్ష ఫీజు కట్టలేక ఆగిపోయే పిల్లలకు అది ఏటా, తప్పకుండా అందుతుంది. కలిసి భోంచేయడం తప్పు అనడం లేదు. ఆ భోజనం వల్లనే చాలామంది వస్తారు. దానికి విడిగా చందా వేసుకోవాలి, అంతే.

విదేశాల నుంచి వచ్చే డబ్బుకు వేరే చట్టం ఉంది. భారత పౌరుడిగానే ఉండి విదేశంలో పనిచేసే వ్యక్తి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే అవుతుంది. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు మొదట స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అనుమతి లేకుండా తీసుకుంటే, తీసుకున్నవారి ఉద్దేశం మంచిదైనా అది నేరమే.

17.5 బడికి ఏమి ఇవ్వాలి?

బడికి ఏమి కావాలో బడినే అడగాలి. ప్రధానోపాధ్యాయుని నుంచి రాతపూర్వకంగా కోరిక తీసుకోవాలి. మనకు ముచ్చటైన వస్తువు వేరు, బడికి అవసరమైన వస్తువు వేరు. ఫ్యాన్లు ఇస్తే కరెంటు బిల్లు కట్టేదెవరు? కంప్యూటర్లు ఇస్తే చెడినప్పుడు బాగుచేయించేదెవరు? అమ్మాయిల మరుగుదొడ్డి కట్టించి, నీళ్ళ కుళాయి సంగతి మరిచిపోయిన దాతలు ఉన్నారు. దాత పేరు చెక్కిన పలక మాత్రం బడి బోర్డుకంటే పెద్దదిగా ఉంటుంది.

రైల్వే నడిపే బడి అయితే భవనం, స్థలం రైల్వేవి. గోడ కట్టాలన్నా, గది వేయాలన్నా ముందు అధికారుల అనుమతి కావాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ కళాశాలల్లో జనభాగీదారీ సమితులు ఉంటాయి గనుక వాటితో కూడా మాట్లాడుకోవాలి. ఇచ్చిన వస్తువు స్టాకు రిజిస్టరులో ఎక్కిందో లేదో చూసి, స్వీకృతి పత్రం తీసుకోవాలి. ఆ తరువాత ఆ వస్తువు బడిదే. సాయం చేశాం గదా అని సీటు అడగడం, ఉపాధ్యాయుల పనిలో వేలుపెట్టడం తగదు.

చరిత్రలో రెండు ఉదాహరణలు చూద్దాం. అమెరికాలోని విలియమ్స్ కళాశాల అధ్యక్షుడు 1821లో కొందరు విద్యార్థులతో సహా వెళ్ళిపోయి ఆమ్‌హెర్స్ట్‌లో వేరే కళాశాల పెట్టాడు. పాత కళాశాల మూతపడుతుందేమోనన్న భయంతో దాని పూర్వ విద్యార్థులు ఆ ఏడే ఒక సంఘంగా ఏర్పడ్డారు. పేరుకు సంఘమే గాని, వారు చేసిన మొదటి పని "మేమున్నాం" అని నిలబడడం. కళాశాల బతికింది.

రెండోది మన హైదరాబాదుది. ఏటా జనవరిలో మొదలయ్యే నుమాయిష్ గురించి విననివారు అరుదు. దాన్ని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించినవారు ఉస్మానియా పట్టభద్రులు. హైదరాబాదు రాష్ట్ర ఆర్థిక పరిస్థితులను సర్వే చేయడానికి డబ్బు కావలసి వచ్చింది. చందాలకు తిరగకుండా వారు ప్రదర్శన పెట్టి రాబడి సంపాదించారు. 1946లో ప్రదర్శన నాంపల్లి మైదానానికి మారింది. తరువాత ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో విద్యాసంస్థలు నడపసాగింది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. దాత దయ మీద కాక, ఏటా వచ్చే రాబడి మీద నిలబడిన సాయం ఇది. స్టాళ్ళు, టిక్కెట్లు, కాంట్రాక్టులు ఉన్నచోట లెక్కలు ఇంకా గట్టిగా ఉండాలన్నది మరువరాదు.

కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ పూర్వ విద్యార్థుల సంఘం పనిని కూడా చూస్తూ వచ్చింది. దానివల్ల కొన్ని మంచి సంఘాలు పుట్టాయి. తనిఖీకి నెల ముందు పుట్టి, తనిఖీ అయ్యాక నిద్రపోయినవీ ఉన్నాయి. సంఘం నిజంగా పనిచేస్తున్నదా లేదా తెలుసుకోవాలంటే బ్యానరు చూడనక్కరలేదు. కిందటి మూడేళ్ళ మినిట్స్ పుస్తకం అడిగి చదివితే చాలు.

పాఠంలోని ప్రశ్నలు

1. ఒక సంఘంలో 140 మంది సభ్యులు ఉన్నారు. కోరం ఐదో వంతు. సమావేశానికి 26 మంది వచ్చారు. కోరం ఉన్నదా?
2. "రశీదు పుస్తకాలు, నగదు అప్పగించడమైనది" అని ఒక తీర్మానంలో ఉంది. ఇందులో లోపమేమిటి?
3. శాశ్వత నిధి రూ. 1,50,000. వడ్డీ నూటికి 6. వడ్డీలో ఆరో వంతు అసలులో కలిపితే ఏటా ఖర్చుపెట్టగలిగేది ఎంత?
4. మీరు చదివిన బడికి వెళ్ళి, అక్కడ అత్యవసరమైనది ఏమిటో ప్రధానోపాధ్యాయుని అడిగి పది వాక్యాలలో రాయండి.

జవాబులు

1. లేదు. 28 మంది కావాలి, ఇద్దరు తక్కువయ్యారు.
2. రశీదు పుస్తకాలు ఎన్నో, వాడినవెన్ని, వాడనివెన్ని, నగదు ఎంతో రాయలేదు. నిల్వలు సరిచూసినట్టు కూడా లేదు.
3. వడ్డీ రూ. 9,000. అసలులో కలిపేది రూ. 1,500. ఖర్చుపెట్టగలిగేది రూ. 7,500.
4. ఈ జవాబును మీ అధ్యయన కేంద్రంలో చూపించండి.