నక్షత్రములు - షడ్భావవికారములు

నక్షత్ర శబ్దమునకు రెండు వ్యుత్పత్తులు ప్రసిద్ధములు. గమనార్థకమైన 'నక్ష' ధాతువునుండి ఈ శబ్దము ఏర్పడినదని యాస్కుడు నిరుక్త తృతీయాధ్యాయమున చెప్పెను. పాణిని ఈ శబ్దమును నకుల, నఖ, నపుంసకాది శబ్దములతో కలిపి ఒకే సూత్రమున (6-3-75) పఠించెను. క్షరింపనిది, క్షయింపనిది అని కాశికావృత్తి అచ్చట అర్థము చూపినది. పాఠశాలలలో ఎక్కువగా వ్యాప్తిలోనున్నది ఈ రెండవ వ్యుత్పత్తియే. అయితే నక్షత్రములు పుట్టి, పెరిగి, క్షీణించి, నశించునని నేటి ఖగోళ భౌతికశాస్త్రము నిరూపించినది. అట్లైనచో ఆ వ్యుత్పత్తికి గతి యేమి? విద్యార్థి ఈ ప్రశ్న వేసినప్పుడు అధ్యాపకుడు చెప్పదగిన సమాధానమేది? దీనిని నిర్ణయించుటకు ముందు నక్షత్ర జీవితమును తెలిసికొనవలెను.

ప్రధానశ్రేణి

నక్షత్రముల ఉపరితల ఉష్ణోగ్రతను ఒక అక్షముపై, సహజ ప్రకాశమును మరియొక అక్షముపై గుర్తించి పటము గీసినచో అవి విచ్చలవిడిగా చెదరియుండవు. డెన్మార్కు దేశీయుడు హెర్ట్స్‌స్ప్రుంగ్ 1911లో, అమెరికా దేశీయుడు రసెల్ 1913లో ఇట్టి పటములను వేర్వేరుగా వెలువరించిరి. నూటికి సుమారు తొంబది నక్షత్రములు ఈ పటమున ఏటవాలుగానున్న ఒక పట్టీలో ఇమిడియుండును. దానికే ప్రధానశ్రేణి యని పేరు. దీనిని ప్రధానక్రమమని అనువదించుటయు కలదు. కాని క్రమ శబ్దము అడుగువేయుటను స్ఫురింపజేయును. నక్షత్రము ఈ పట్టీవెంట ఒక కొననుండి మరియొక కొనకు నడచునను భ్రాంతికి అది తావిచ్చును. వాస్తవమున ప్రతి నక్షత్రమును తన ద్రవ్యరాశికి తగిన స్థానమున, స్వల్పభేదముతో, దీర్ఘకాలము నిలిచియుండును. కావున శ్రేణి శబ్దమే యుక్తతరము.

ఈ శ్రేణిలోని నక్షత్రములన్నిటికిని సమానధర్మ మొక్కటి. వాని గర్భమున హైడ్రోజన్ కేంద్రకములు నాలుగు కలిసి ఒక హీలియం కేంద్రకమగుచుండును. ఆ సంయోగమున ద్రవ్యరాశిలో 0.7 శాతము శక్తిగా మారును. సూర్యగర్భమున, సుమారు కోటిన్నర డిగ్రీల వేడిమిలో, సెకనునకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇట్లు వ్యయమగుచున్నది. గురుత్వాకర్షణము లోనికి లాగుచుండగా పీడనము వెలుపలికి త్రోయుచుండును. ఈ రెంటి సామ్యమే ప్రధానశ్రేణీ జీవితము.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఇంధనము అధికముగా కల నక్షత్రమే అల్పాయువు. సూర్యునికి పదిరెట్లు ద్రవ్యరాశి కలదాని ప్రకాశము కొన్నివేల రెట్లుండును. ఆదాయము పదింతలై, వ్యయము వేలరెట్లైన గృహస్థు వలె అది కొన్నికోట్ల సంవత్సరములకే రిక్తమగును. సూర్యుని ప్రధానశ్రేణీ కాలము సుమారు 1000 కోట్ల సంవత్సరములు. అందు 460 కోట్లు గడచినవి.

భావవికార సమన్వయము

భావవికారములు ఆరని వార్ష్యాయణి మతము. దీనిని యాస్కుడు నిరుక్త ప్రథమాధ్యాయమున పేర్కొనెను. నక్షత్ర జీవితమును బోధించుటకు ఈ విభాగము మిక్కిలి అనుకూలము.

మొదటిది జన్మ. శీతలమైన వాయుధూళి మేఘము స్వభారముచే కుంచించుకొని, గర్భమున వేడెక్కి నక్షత్రమగును. సుమారు 10 కోట్ల సంవత్సరముల వయస్సుగల కృత్తికలు ఈ లెక్కన ఇంకను శిశువులే. రెండవది అస్తిత్వము, ఇదియే ప్రధానశ్రేణి. శ్రవణమునందలి ప్రధానతార, అభిజిత్తు, సూర్యుడు ఈ దశలో నున్నవారు. మూడవది విపరిణామము. వస్తువు తన తత్త్వమునుండి జారకయే పొందు మార్పు ఇది యని యాస్కుని వివరణము. వెలుపల స్థిరముగా ప్రకాశించుచునే గర్భమున హైడ్రోజన్ హీలియముగా మారుట ఇట్టిదే.

నాల్గవది వృద్ధి. గర్భమున హైడ్రోజన్ తరిగిపోగా అది కుంచించుకొనును. దానిచుట్టునున్న పొరలో దహనము సాగి, పైభాగము ఉబ్బి ఎఱ్ఱబారును. స్వాతి ద్రవ్యరాశి సూర్యునితో దాదాపు సమానమే. వ్యాసము మాత్రము 25 రెట్లు. రోహిణి వ్యాసము సుమారు 45 రెట్లు. దాదాపు 500 కోట్ల సంవత్సరముల పిదప సూర్యునికిని ఈ దశ తప్పదు. జ్యేష్ఠా, ఆర్ద్రా తారలు ద్రవ్యరాశిలోను అధికములు; వాని వ్యాసములు సూర్యునికంటె వందలరెట్లు.

అయిదవది అపక్షయము. సూర్యునివంటి నక్షత్రము పైపొరలను విడిచి, భూమియంత పరిమాణముగల శ్వేతవామనముగా మిగులును. లుబ్ధకుని సహచరతార దీనికి ఉదాహరణము. ఇట్టి తార ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 1.4 రెట్లు మించి యుండజాలదని 1930లో సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ గణించెను. ఆరవది వినాశము. మహాద్రవ్యరాశిగల నక్షత్రపు ఇనుపగర్భము కూలి, పైభాగము విస్ఫోటనము చెందును. 2019-20లో ఆర్ద్ర మసకబారినపుడు దానికి అంత్యము సమీపించినదని పలువురు తలచిరి; అది విడిచిన ధూళియే అందులకు ముఖ్యకారణమని పిదప తెలిసినది.

సిద్ధాంతము

ఈ పొందిక చూచి, హైడ్రోజన్ దహనము వార్ష్యాయణికి తెలియునని చెప్పుట తగదు. ఆయన చెప్పినది సర్వభావములను గూర్చి. నక్షత్రములను గూర్చి కాదు. అట్లే 1718లో హేలీ స్వాతీ, రోహిణీ, లుబ్ధకుల స్థానములు ప్రాచీనకాలమునుండి మారినవని కనుగొనెను; యాస్కుని గమనార్థమును దానికి ముడిపెట్టుటయు సాహసమే. తెలియనిదానిని తెలిసినట్లు ఆరోపించుట ఋషులకు గౌరవము కాదు.

ఇక క్షయింపనిదను వ్యుత్పత్తి మాట. వ్యుత్పత్తి నిమిత్తము వేరు, ప్రవృత్తి నిమిత్తము వేరు అని శాబ్దికుల సమయము. పోవునది గోవు అని వ్యుత్పత్తి చెప్పినను, పరుండిన ఆవును గోవు కాదని ఎవరును అనరు. అదే విధముగా క్షయించు నక్షత్రమును నక్షత్రమే. వ్యుత్పత్తి శబ్దసిద్ధిని చెప్పును. పదార్థ స్వభావమునకు ప్రత్యక్షానుమానములే ప్రమాణములు. క్షయము లేనిదని తలచిన నక్షత్రము సైతము భావమే యనియు, ఆరు వికారములకు లోబడినదే యనియు నేటి శాస్త్రము చూపినది. విద్యార్థికి ఈ రెండు విషయములను విడదీసి చెప్పినచో అతడు వ్యాకరణమును వదలుకొననక్కరలేదు, ఖగోళమును కాదననక్కరలేదు.