గణితంలో పీహెచ్‌డీ: పరీక్ష పాసయ్యాక అసలు పరీక్ష

ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో ఏడాదిలోకి వచ్చిన విద్యార్థిని ‘తరవాత ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని అడిగితే మన దగ్గర ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. ఒకటి లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్, రెండోది నెట్. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే చాలు, పీహెచ్‌డీ సీటు దానంతటదే వస్తుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతోనే కోచింగ్ మెటీరియల్ ముందేసుకుని ఏళ్లు గడిపి, కష్టపడి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుని, తీరా మంచి సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్లి మొదటి పది నిమిషాల్లోనే తడబడి వెనక్కి వచ్చేవాళ్లను చూస్తుంటాం. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఆ గదిలో ఏం చూస్తారో ముందుగా చెప్పేవాళ్లు లేక అలా జరుగుతుంది.

అక్కడ చూసేది ఒక్కటే. ఎవరూ పక్కన లేనప్పుడు ఈ విద్యార్థి గణితంతో ఏం చేస్తాడు, ఏం చేస్తుంది? నిర్వచనం చదివి ఊరుకుంటారా, దానికి సరిపోయే ఉదాహరణ, సరిపోని ఉదాహరణ సొంతంగా వెతుక్కుంటారా? రాత పరీక్ష, రికమెండేషన్ లెటర్లు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఇంటర్వ్యూ అన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఇది మనసులో పెట్టుకుంటే దరఖాస్తు పనంతా తేలికవుతుందని అనను గానీ, ఎక్కడ కష్టపడాలో మాత్రం తెలుస్తుంది.

బోర్డు ముందు ఏం జరుగుతుంది?

ముందు ఇంటర్వ్యూ సంగతే చెబుతాను. మనవాళ్లు చివరికి వాయిదా వేసేది, ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

సాధారణంగా ‘మీకు బాగా వచ్చిన సబ్జెక్టు ఏది?’ అని మొదలుపెడతారు. రియల్ అనాలిసిస్ అన్నారనుకోండి. యూనిఫాం కంటిన్యుయిటీ నిర్వచనం బోర్డు మీద రాయమంటారు. ఎప్సిలాన్, డెల్టాలతో అందరూ రాసేస్తారు. తరవాత ప్రశ్న: రియల్ లైన్ మొత్తం మీద ఎక్స్ స్క్వేర్ యూనిఫామ్‌గా కంటిన్యుయస్ అవుతుందా? ‘కాదు సర్, డెరివేటివ్ బౌండెడ్ కాదు కాబట్టి’ అంటారు. మొదటి ముక్క సరైనదే, రెండో ముక్క దగ్గర పట్టుబడతారు. ‘అయితే సున్నా నుంచి అనంతం దాకా రూట్ ఎక్స్ తీసుకోండి. సున్నా దగ్గర దాని డెరివేటివ్ కూడా బౌండెడ్ కాదు కదా, మరి అది?’

ఇక్కడ మౌనంగా నిలబడిపోతే వచ్చే నష్టం, తప్పు చెప్పి దిద్దుకుంటే రాదు. రూట్ ఎక్స్, రూట్ వై మధ్య తేడా, ఎక్స్, వైల మధ్య తేడాకు వర్గమూలాన్ని మించదు. కాబట్టి డెల్టాను ఎప్సిలాన్ స్క్వేర్‌గా తీసుకుంటే పని అయిపోతుంది, ఆ ఫంక్షన్ యూనిఫామ్‌గా కంటిన్యుయసే. డెరివేటివ్ బౌండెడ్ అయితే యూనిఫాం కంటిన్యుయిటీ వస్తుంది, కానీ దాని కన్వర్స్ నిజం కాదన్నమాట. మరి ఎక్స్ స్క్వేర్‌కి సరైన కారణం? ఎన్, ఎన్ + 1/ఎన్ అనే రెండు బిందువులు తీసుకోండి. ఎన్ పెరిగే కొద్దీ వాటి మధ్య దూరం సున్నాకు పోతుంది, వర్గాల మధ్య తేడా మాత్రం ఎప్పుడూ 2 కంటే ఎక్కువే. ఇంతే. ఇందులో డిగ్రీ పుస్తకంలో లేనిది ఒక్కటీ లేదు. అయినా ఎమ్మెస్సీలో 80 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. ఎందుకంటే మన యూనివర్సిటీ పేపర్లలో ‘స్టేట్ అండ్ ప్రూవ్’ ప్రశ్నలే ఎక్కువ. సిద్ధాంతంలో ఒక షరతు తీసేస్తే ఏమవుతుందని అడిగేవాళ్లు తక్కువ.

అందుకే ఎమ్మెస్సీ మొదటి ఏడాది నుంచే ఒక అలవాటు చేసుకోమంటాను. ఏ సిద్ధాంతం చదివినా, అందులోని ఒక్కో షరతునూ తీసేసి, సిద్ధాంతం పడిపోయే ఉదాహరణ నోటుబుక్కులో రాసుకోండి. దొరక్కపోతే లెక్చరర్‌ను అడగండి. లీనియర్ ఆల్జీబ్రాకు హాఫ్‌మన్-కుంజే, ఆల్జీబ్రాకు హెర్‌స్టైన్ లేదా ఆర్టిన్, అనాలిసిస్‌కి రుడిన్, టోపాలజీకి మంక్రెస్ పెట్టుకుని, ఒక్కో పుస్తకంలోని అభ్యాసాల్లో సగమైనా సొంతంగా చేసినవాళ్లకు ఏ కోచింగూ అక్కర్లేదు. ఇంటర్వ్యూలో తెలియనిది అడిగితే ‘తెలియదు, కానీ ఇలా ప్రయత్నిస్తాను’ అనడానికి జంకకండి. కమిటీ సభ్యులు కావాలనే సూచనలు ఇస్తారు. ఆ సూచన పట్టుకుని రెండడుగులు వేసినవారికే సీటిస్తారు.

మన దేశంలో దారులు

పరీక్షల సంగతి క్లుప్తంగా. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ మ్యాథమేటికల్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు, మూడు గంటలు. పార్ట్ సీలో 60 ప్రశ్నల్లో 20 రాస్తే చాలు, ఒక్కోదానికి 4.75 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు గానీ సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులిస్తారు. ఒక్కటి వదిలినా సున్నా. షార్ట్‌కట్లతో పార్ట్ బీ గట్టెక్కినవాళ్లు ఇక్కడ చిక్కుకుంటారు. 2024 నుంచి జేఆర్‌ఎఫ్ రాకపోయినా నెట్ స్కోరుతో యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే వీలు వచ్చింది. ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. స్కోరు ఏడాది పాటు చెల్లుతుంది. గేట్‌లో మ్యాథమేటిక్స్ పేపరు స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఐఐటీలకు ఇది ఉపయోగం.

ఈ రెండింటి దగ్గరే ఆగిపోకండి. అణుశక్తి విభాగం కింద 1983లో ఏర్పడిన నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమేటిక్స్ (ఎన్‌బీహెచ్‌ఎం) పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం ప్రత్యేకంగా పరీక్ష పెడుతుంది. మన జిల్లా కాలేజీల్లో దీని పేరు విననివాళ్లే ఎక్కువ. గణితంలో పరిశోధన చేయాలనుకునేవారి కోసమే పెట్టిన పరీక్ష ఇది. ఇందులో నిలబడితే మంచి సంస్థల నుంచి ఇంటర్వ్యూ పిలుపులు వస్తాయి. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్‌ఆర్) ప్రవేశ పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది. చెన్నైలో ఐఎంఎస్‌సీ, చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్, ప్రయాగ్‌రాజ్‌లో హరీశ్‌చంద్ర సంస్థ, కోల్‌కతా, బెంగళూరు, ఢిల్లీల్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఐఐఎస్‌సీ, తిరుపతి సహా ఐసర్లు, భువనేశ్వర్ నైసర్, మనకు దగ్గర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి. వీటిలో కనీసం ఆరింటికి దరఖాస్తు చేయాలని నా సలహా. డిగ్రీ చదువుతున్నవాళ్లయితే ఐఐఎస్‌సీలో జామ్ ద్వారా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో నేరుగా చేరొచ్చు.

మన దేశంలో చేస్తే చిన్నతనం అనుకునేవాళ్లకు ఇద్దరిని గుర్తు చేస్తాను. అనంతపురంలో పుట్టిన ఎం.ఎస్. రఘునాథన్ టీఐఎఫ్‌ఆర్‌లోనే పరిశోధన చేసి, లీ గ్రూపుల్లోని డిస్క్రీట్ సబ్‌గ్రూపుల మీద 1972లో రాసిన పుస్తకం ఆ రంగంలో ప్రపంచమంతా చదివే గ్రంథమైంది. కోల్‌కతా ఐఎస్‌ఐలో పీహెచ్‌డీ చేసిన నీనా గుప్తా, దశాబ్దాలుగా తేలని జారిస్కీ క్యాన్సలేషన్ సమస్యను పాజిటివ్ క్యారెక్టరిస్టిక్‌లో తేల్చి, 2021లో రామానుజన్ బహుమతి అందుకున్నారు. ‘పెళ్లి చేయాల్సిన వయసులో ఇంకా అయిదేళ్ల చదువా’ అని కూతుళ్ల దరఖాస్తులు ఆపేసే తల్లిదండ్రులు ఈ రెండో పేరు గుర్తుంచుకోవాలి.

దరఖాస్తుకు ముందు వేసవి వృథా చేయొద్దు. ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన ఎంటీటీఎస్ వేసవి శిబిరాల్లో సిద్ధాంతాలను అప్పజెప్పించుకోరు. విద్యార్థుల చేతే కనిపెట్టిస్తారు. అక్కడ గడిపే కొన్ని వారాలు ఇంటర్వ్యూకి మంచి సన్నాహం. పాఠం చెప్పినవాళ్లు మీ పని దగ్గర నుంచి చూస్తారు కాబట్టి, రేపు లెటరు రాయగలిగేవాళ్లు కూడా దొరుకుతారు.

లెటరు ఎవరి చేత రాయించాలి?

విదేశాలకు దరఖాస్తు చేసేవారికి సాధారణంగా మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. దేశంలోనూ చాలా సంస్థలు రెండు అడుగుతాయి. మన దగ్గర ఒక పద్ధతి పాతుకుపోయింది. విద్యార్థి హెచ్‌ఓడీ దగ్గరకు వెళ్తాడు, ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అంటారాయన. ఆ లెటర్లన్నీ ఒకేలా ఉంటాయి: క్రమశిక్షణ గలవాడు, కష్టజీవి, ఉజ్వల భవిష్యత్తు ఉందని ఆశిస్తున్నాను. దరఖాస్తులు వందల్లో చదివే కమిటీకి ఇది ఖాళీ కాగితంతో సమానం. పైగా మీ లెటరు మీరే రాసుకోవడం తప్పు, అక్కడ దాన్ని మోసంగానే చూస్తారు.

పనికొచ్చే లెటరు ఇలా ఉంటుంది: ‘సైలో సిద్ధాంతాలు చెప్పిన వారంలోనే ఈ అమ్మాయి 12 మూలకాలున్న గ్రూపులు ఐసోమార్ఫిజం దృష్ట్యా అయిదే ఉంటాయని తనంతట తాను తేల్చి చూపించింది. నిరూపణలో ఒకచోట ఖాళీ ఉందని చెబితే మర్నాడు సరిచేసి తెచ్చింది.’ ఇలా రాయాలంటే ఆ లెక్చరర్‌కు మీరు తెలిసి ఉండాలి. అందుకే పెద్ద హోదా ఉన్న ప్రొఫెసర్ కంటే, మీతో ఒక సెమిస్టరు ప్రాజెక్టు చేయించిన యువ అధ్యాపకుడి లెటరే మేలు. గడువుకు కనీసం ఆరు వారాల ముందు అడగండి. మార్కుల జాబితా, ప్రాజెక్టు రిపోర్టు, సంస్థల పేర్లు, ఆఖరు తేదీలు ఒకే మెయిల్‌లో పంపండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కూ ఇదే వర్తిస్తుంది. ‘చిన్నప్పటి నుంచీ నాకు లెక్కలంటే ప్రాణం, రామానుజన్ నాకు స్ఫూర్తి’ అని మొదలుపెట్టకండి. అది నిజమే కావచ్చు, దానివల్ల మీ గురించి చదివేవారికి ఏమీ తెలియదు. ‘ప్రాజెక్టులో ఫైనైట్ గ్రూపుల రిప్రజెంటేషన్లు చదివాను. ఎస్3, ఎస్4 క్యారెక్టర్ టేబుళ్లు చేత్తో వేశాను, ఎస్5 దగ్గర చిక్కుపడ్డాను. అలా యంగ్ డయాగ్రమ్‌లు చదవడం మొదలుపెట్టాను’ అని రాస్తే, మీరు ఏ మెట్టు మీద ఉన్నారో వాళ్లకు అర్థమైపోతుంది. ఏజెన్సీలకు డబ్బిచ్చి రాయించుకునే ఎస్‌ఓపీలను ఒక్క పేరాలో పసిగడతారు. రెండు పేజీల్లోపు, మీ మాటల్లో, మీరు చేసిన గణితం గురించి రాయండి.

అమెరికా, ఐరోపా

అమెరికాలో గణిత విభాగాల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి మొదట్లో ఉంటాయి. చేరేది ఆగస్టులో. అంటే ఎమ్మెస్సీ చివరి ఏడాది మొదలవగానే పని మొదలవ్వాలి. జీఆర్‌ఈ మ్యాథమేటిక్స్ సబ్జెక్ట్ టెస్టు వేరే ఉంది, మామూలు జీఆర్‌ఈతో కలిపి చూడకండి. అందులో సగం క్యాలిక్యులస్, పావు వంతు ఆల్జీబ్రా. చాలా విభాగాలు దాన్ని ఐచ్ఛికం చేశాయి. అయినా అంతగా పేరు తెలియని కాలేజీ నుంచి వెళ్లేవారికి మంచి స్కోరు గట్టి ఆధారం, వీలైతే రాయండి.

ఒక అపోహ తొలగించాలి. ఇంజినీరింగ్ మిత్రులు ప్రొఫెసర్లకు వందల మెయిళ్లు పంపుతుంటారు, అది చూసి మ్యాథ్స్ వాళ్లూ పంపుతారు. అమెరికా గణిత విభాగాల్లో ప్రవేశాలు సాధారణంగా కమిటీ చేతిలో ఉంటాయి. గైడ్‌ను ఎంచుకునేది కోర్సులు, క్వాలిఫయింగ్ పరీక్షలు అయ్యాకే. ముందే ‘మీ దగ్గర చేరతాను’ అని రాయడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. జర్మనీలాంటి చోట్ల లెక్క వేరు. అక్కడ చాలాసార్లు ఒక ప్రొఫెసర్ ప్రాజెక్టులో ఖాళీకి దరఖాస్తు చేస్తారు, కాబట్టి ఆయన పేపరు చదివి ఒక ప్రశ్నతో రాసిన మెయిల్‌కు విలువ ఉంటుంది. అక్కడ మాస్టర్స్ డిగ్రీ కూడా సాధారణంగా తప్పనిసరి.

ఖర్చు సంగతి. అమెరికాలో దరఖాస్తు ఫీజు ఒక్కోదానికి వంద డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఫీజు మినహాయింపు అడగడానికి మొహమాటపడొద్దు, ఇచ్చే విభాగాలున్నాయి. సీటొస్తే మాత్రం టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చి, ట్యూషన్ ఫీజు రద్దు చేసి, నెలనెలా స్టైపెండ్ ఇవ్వడం గణిత విభాగాల్లో మామూలు. ఫండింగ్ లేకుండా గణితంలో పీహెచ్‌డీకి సీటిస్తామంటే వెళ్లకండి, దానికోసం పొలం తాకట్టు పెట్టకండి. నిధులతో వచ్చిన ఆఫర్‌కు జవాబివ్వడానికి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా సమయమిస్తాయి, ఎవరు తొందరపెట్టినా ఆ తేదీ గుర్తుంచుకోండి.

మన దేశంలో జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు, రెండేళ్ల తరవాత 42 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. పెద్ద జీతమని చెప్పలేం గానీ, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోకుండా అయిదేళ్లు చదువుకోవచ్చు.

మొదటి ఏడాది ఎక్కడా సీటు రాకపోతే కుంగిపోవద్దు. రెండోసారి దరఖాస్తు చేసి చేరినవాళ్లు ప్రతి సంస్థలోనూ ఉన్నారు. ఆ ఏడాది కోచింగ్‌లో కాకుండా ఒక ప్రాజెక్టులోనో, నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమేటిక్స్ నడిపే శిక్షణ శిబిరాల్లోనో గడపండి.

తేదీలు ఏటా మారుతుంటాయి, సంస్థల వెబ్‌సైట్లలో స్వయంగా చూసుకోండి. టీఐఎఫ్‌ఆర్ పాత ప్రశ్నపత్రాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఈ ఆదివారం ఒకటి దించుకుని కూర్చోండి. జవాబు టిక్కు పెట్టి వదిలేయకుండా, ప్రతి దానికీ నిరూపణో, ప్రత్యుదాహరణో పూర్తిగా రాసి, సోమవారం మీ లెక్చరర్ దగ్గరకు తీసుకెళ్లి దిద్దమని అడగండి.