తెర దాటిన చూపు

నటుడి అభినయానికి ప్రాణం చూపు. ఆ చూపు ఎవరిపై నిలవాలి? ఈ ప్రశ్నకు మన జానపద రంగస్థలం ఒక సమాధానం ఇచ్చింది. చలనచిత్రం మరొకటి ఇచ్చింది.

నిజామాబాద్ జిల్లాలోని కోటగిరి, బోధన్ పరిసర గ్రామాలు చిందు భాగవతం ఎరిగినవి. బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ ఈ కళకు రాష్ట్రవ్యాప్త కీర్తి తెచ్చి, 2005లో కన్నుమూశారు. ఈ ఆటలో వేషధారి రంగప్రవేశం చేసి తానెవరో సభకు తానే చెప్పుకుంటాడు. హాస్యగాడు కథను ఆపి ఊరివారితో ముచ్చటిస్తాడు. ఆడేవారికీ చూసేవారికీ నడుమ అడ్డుగోడ లేదు.

కథాచిత్రం ఈ గోడను కట్టింది. పాత్ర జీవించే లోకంలో కెమెరా ఉండదు. నటుడు కటకంలోకి చూసిన మరుక్షణమే అది చిత్రీకరణ అని ప్రేక్షకుడికి స్ఫురిస్తుంది. అందువల్ల ఇద్దరు సంభాషించే దృశ్యంలో కెమెరాను ఒకరి భుజం పక్కగా ఉంచి, రెండవవారి చూపు కటకానికి కొద్దిగా పక్కన పడేటట్లు దర్శకులు జాగ్రత్త వహిస్తారు.

అయితే కొందరు ఈ నియమాన్ని తెలిసే దాటారు. 1903లో వెలువడిన 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ'లో ఒక దొంగ ప్రేక్షకులవైపే తుపాకి పేల్చాడు. 'ది గ్రేట్ డిక్టేటర్' (1940) చివర చార్లీ చాప్లిన్ కెమెరాలోకి చూస్తూ నియంతృత్వాన్ని ఖండించి, మానవత్వాన్ని ప్రబోధించాడు. తెలుగులో 'ఒక ఊరి కథ' (1977) తీసిన మృణాళ్ సేన్, అంతకుముందే బెంగాలీ చిత్రం 'ఇంటర్వ్యూ' (1971)లో ట్రాములో ప్రయాణించే కథానాయకుడిని మనవైపు తిప్పి, అతని అసలు పేరును అతనిచేతనే చెప్పించాడు. అంతవరకు కథను చూస్తున్నవారు ఒక్కసారిగా సాక్షులయ్యారు.

దూరదర్శనంలో ఇదే చూపు నిత్యకృత్యం. 1983లో హైదరాబాద్ దూరదర్శన్ నుండి తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్, ప్రాంప్టర్ లేని రోజుల్లో పాఠాన్ని కంఠస్థం చేసి కెమెరాను చూస్తూ చెప్పేవారు. తరువాత వచ్చిన ప్రాంప్టర్‌లో కటకం ముందు వాల్చి అమర్చిన అద్దంపై అక్షరాలు ప్రతిఫలిస్తాయి. చదువరి ఆ అక్షరాలను చదువుతూ ఉండగా మన కళ్లలోకి చూస్తున్నట్లే ఉంటుంది.

ఇక్కడే ఒక భేదం గ్రహించాలి. చిందు ఆటలో చూపు రెండు వైపులా సాగుతుంది. కళాకారుడు మన ముఖం చూస్తాడు. మనం నవ్వితే ఆట పెంచుతాడు, విసిగితే మార్చుకుంటాడు. కటకంలోకి చూసేవారికి మనం కనబడము. అయినా ఆ చూపు ఆత్మీయంగా తోస్తుంది. చాప్లిన్ దానితో మనలను ఆలోచించమన్నాడు. వాణిజ్య ప్రకటనలోని నటుడు అదే చూపుతో వస్తువు కొనమంటాడు. చూపు ఒకటే, ప్రయోజనాలు వేరు. కావున తెరపైనుండి ఎవరైనా సూటిగా చూసినప్పుడు, వారు మననుండి ఏమి కోరుతున్నారో విచారించి నిర్ణయించుకోవడం వివేకవంతుడైన ప్రేక్షకుడి ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు
కటకం = కెమెరా అద్దం
స్ఫురించు = మనసుకు తోచు
ప్రబోధించు = మేల్కొలుపునట్లు చెప్పు
నిత్యకృత్యం = ప్రతిదినం జరిగే పని

ప్రశ్నలు
1. కథాచిత్రంలో నటుడు కెమెరాలోకి ఎందుకు చూడడు?
2. చిందు కళాకారుడి చూపునకు, తెరపై నటుడి చూపునకు గల భేదాన్ని వివరించండి.